షెడ్డులో ఏముందో షెడ్డే చెప్పింది

పోయిన ఏడాది ఒక స్నేహితురాలి ఇంటికి భోజనానికి వెళ్తే మావాడు మామూలుగానే అమెరికాలో మా ఇంటి పక్కనే ఉన్న కింగ్స్ ఐలండ్ అనే థీమ్ పార్కు పురాణం మొదలుపెట్టాడు. వోర్టెక్స్ అనే రోలర్ కోస్టర్ తీసేసిన జాగాలో ఏం రాబోతోంది, రాకపోతే ఎందుకు రాదు, వస్తే ఎవరు కడతారు. కాలేజీలో చేరినా వాడికి ఈ పిచ్చి వదల్లేదు. స్నేహితురాలి భర్త ఓపిగ్గా విన్నారు. విని నా వైపు తిరిగి, "కట్టేది వాళ్లు, డబ్బు వాళ్లది, తయారయ్యాక డప్పు కొట్టి చెప్పేదీ వాళ్లే. ఈలోపు వీళ్లకెందుకమ్మా ఇంత ఆయాసం?" అన్నారు.

"ఏం చెప్పమంటారు అన్నయ్యగారూ" అని నవ్వేశాను గానీ ప్రశ్న కాస్త గుచ్చుకుంది. ఆ ఆయాసంలో నాకూ వాటా ఉంది మరి. సివిల్ చదివి సాఫ్ట్‌వేర్‌లో పడ్డ వేలమందిలో నేనొకదాన్ని. కాకినాడలో నేర్చుకున్న పునాదుల పాఠం ఈ దేశంలో నాకు పనికొచ్చిందంటే, మావాడి పక్కన నిలబడి కోస్టర్ కాంక్రీటు చూసేటప్పుడే.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. కడుతున్న కోస్టర్ ఎలా ఉంటుందో ఊహించడం మంచి పని. అయితే అందులో రెండు రకాలున్నాయి, రెండింటినీ ఒకే గాటన కట్టకూడదు. నేలమీద కనిపించేదాన్నీ కాగితాల్లో దొరికేదాన్నీ పట్టుకుని లెక్క వేయడం మొదటి రకం. కంపెనీ విసిరే టీజర్ ముక్కలు ఏరుకుని పొద్దుపుచ్చడం రెండోది. మొదటిదానికి నేను పూర్తిగా అనుకూలం. రెండోది జీతంలేని ప్రచార ఉద్యోగం. ఈ రెంటి మధ్య గీత మరీ అంత తిన్నగా ఉండదు, ఆ గొడవకి తర్వాత వస్తాను.

చలికాలమంతా షెడ్డే

ఒహాయోలో మేసన్ చుట్టుపక్కల తెలుగువాళ్లకి కింగ్స్ ఐలండ్‌ని పరిచయం చెయ్యక్కర్లేదు. ఇండియా నుంచి అమ్మానాన్నలొస్తే నయాగరా ఎంత తప్పనిసరో ఇదీ అంతే. వాళ్లు నీడలో బెంచీ చూసుకుని కూర్చుంటారు, మనం పిల్లల్ని తీసుకుని క్యూలో నిలబడతాం, మధ్యాహ్నం కార్ పార్కింగ్‌లో పులిహోర డబ్బా తెరుస్తాం.

2016 జులైలో ఆ పార్కు మిస్టిక్ టింబర్స్ అనే చెక్క కోస్టర్‌ని ప్రకటించింది. పెన్సిల్వేనియాకి చెందిన గ్రేట్ కోస్టర్స్ ఇంటర్నేషనల్ వాళ్ల పని. ఎత్తు 109 అడుగులు, వేగం గంటకి 53 మైళ్లు. అంకెల్లో చూస్తే అదిరిపోయేదేమీ కాదు. అదే పార్కులో 1979 నుంచీ బీస్ట్ నడుస్తోంది, ప్రపంచంలోకెల్లా పొడవైన చెక్క కోస్టర్ అది. దాని ముందు ఈ కొత్త పిల్లని ఎలా నిలబెట్టాలి? పార్కువాళ్లు ఒక్క ప్రశ్న పట్టుకున్నారు. "షెడ్డులో ఏముంది?"

కోస్టర్ చివర్లో ఒక పాత షెడ్డు ఉంటుందట. ట్రెయిన్ అందులోకి వెళ్తుందట. లోపల ఏముందో చెప్పరట. అక్కణ్నించి మొదలైంది. స్కూలు బస్సులో అదే మాట, పుట్టినరోజు పార్టీల్లో అదే మాట. లోపల ట్రాక్ విరిగి కిందపడుతుందన్నాడొకడు, మంటలొస్తాయన్నాడింకొకడు, ట్రెయిన్ వెనక్కి ఉరుకుతుందన్నాడు మావాడు. మనవాళ్లు పెద్ద హీరో సినిమా టీజర్ రాగానే ఫ్రేమ్ ఆపి, వెనకాల గోడమీద క్యాలెండర్‌లో తేదీ చూసి, కథంతా అల్లేస్తారే, అచ్చం అదే జాతర. తేడా ఏమిటంటే సినిమావాళ్లు మూడు నిమిషాల ట్రైలరైనా ఇస్తారు. వీళ్లు ఒక తలుపు చూపించి ఊరుకున్నారు.

2017 ఏప్రిల్ 15న తెరిచారు. రైడ్ చాలా బాగుంది, ఇందులో నాకు రెండో మాట లేదు. చెట్ల మధ్య నేలకి దగ్గరగా పాకుతూ, సీటులోంచి మనిషిని లేపిలేపి పడేసే గుట్టలు పదహారు. పొడవు 3,265 అడుగులు, ఎక్కడా ఊపిరి తీసుకోనివ్వదు. ఆ ఏడాది ఇలాంటి పార్కులకిచ్చే గోల్డెన్ టికెట్ అవార్డుల్లో ఉత్తమ కొత్త రైడ్‌గా నిలిచింది కూడా. ఇంత జరిగాక ట్రెయిన్ నెమ్మదించి షెడ్డులోకి వచ్చి ఆగుతుంది. చీకటి, చప్పుళ్లు, తెరమీద ఏవో బొమ్మలు. ఒకసారి పాములు, ఒకసారి గబ్బిలాలు, ఒకసారి చెట్టు రాక్షసి. అయిపోయింది. తలుపు తెరుచుకుంటుంది, దిగండి.

మా వెనక సీట్లో ఉన్న పిల్లాడు దిగుతూ వాళ్ల నాన్నతో అన్న మాట నాకింకా గుర్తుంది: "ఇంతేనా?" అంత మంచి కోస్టర్ దిగి, జుట్టు చెదిరి, బుగ్గలు ఎర్రబడి, ఆ పిల్లాడికి గుర్తున్నది చివరి అరనిమిషమే. పదహారు గుట్టలూ గాల్లో కలిసిపోయాయి.

ఇక్కడే నా వాదన మొదలవుతుంది. ఆ షెడ్డులో పెద్ద వింతేమీ ఉండదని తెలుసుకోవడానికి లోపలికి వెళ్లక్కర్లేదు. అది ఎక్కడుందో చూస్తే చాలు. కోస్టర్‌కి ఒకటికంటే ఎక్కువ ట్రెయిన్లు నడుస్తాయి. ముందు ట్రెయిన్ స్టేషన్లో మనుషుల్ని దింపి ఎక్కించుకుంటున్నప్పుడు వెనక వచ్చేది దాన్ని గుద్దకుండా ఎక్కడో ఒకచోట ఆగాలి. రైల్వేలో బ్లాక్ సెక్షన్ ఉంటుంది చూడండి, ఇక్కడా అదే పద్ధతి. ఆఖరి బ్రేకుల తర్వాత, స్టేషన్‌కి ముందు, ట్రెయిన్ నిలబడి ఎదురుచూసే చోటు. షెడ్డు కట్టింది సరిగ్గా దానిమీదే. ఊరికే కూర్చున్న జనానికి విసుగు పుట్టకుండా ఆ చోటికి ఒక పైకప్పు వేసి, కాస్త బొమ్మలాట పెట్టారు. ఆలోచన తెలివైనదే.

ట్రాక్ ముక్క ప్రయాణికులతో సహా ధబ్బున కిందకి దిగే కోస్టర్లు లేకపోలేదు. వర్జీనియాలోని పార్కు బుష్ గార్డెన్స్‌లో 2012లో వచ్చిన వెర్బోల్టెన్‌లో అలాంటిదుంది. కానీ ఆ పని చేయించాలంటే ట్రాక్‌ని మోసే బరువైన ఉక్కు చట్రం, దాన్ని నడిపే యంత్రాలు, వాటికి తగ్గ పునాది కావాలి. ఒక చెక్క కోస్టర్ బ్రేకుల చివర, మామూలు షెడ్డంత జాగాలో అవన్నీ ఎక్కడ పడతాయి? ఈ ప్రశ్న అప్పట్లో కొందరు వేశారు కూడా. వాళ్లని ఎవరూ పట్టించుకోలేదు. తలుపు వెనకాల రాక్షసుణ్ని ఊహించుకునేవాడికి బ్రేకుల గురించి చెప్పేవాడు పానకంలో పుడకే.

మావాడు నాతో ఒప్పుకోడు. "అది మోసం కాదమ్మా, జోక్. ఆర్నెల్లు నవ్వుకున్నాం, ఇప్పటికీ నవ్వుకుంటున్నాం. షెడ్డులో ఏముందో ముందే తెలిస్తే ఆ ఆర్నెల్లు ఉండేవే కాదు" అంటాడు. దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఊహించడం వల్ల వచ్చే సంతోషం నిజమైనదే, ఆ సంతోషానికి ఆధారం గట్టిదా కాదా అని ఆరా తీసేవాళ్లు ఎవరు? కాకపోతే ఆ సంతోషాన్ని డబ్బు చేసుకున్నది ఎవరో, చివర్లో "ఇంతేనా" అన్నది ఎవరో మాత్రం నాకు స్పష్టంగానే కనిపిస్తుంది.

కొయ్య మేకులు, రంగు రిబ్బన్లు

ఇప్పుడు రెండేళ్లు ముందుకి రండి. 2018 అక్టోబర్ 28న ఫైర్‌హాక్ ఆఖరిసారి నడిచింది. బోర్లా పడుకోబెట్టి తిప్పే కోస్టర్ అది. దాన్ని విప్పేశారు. ఆ జాగాలో ఏదో వస్తుందని అందరికీ తెలుసు, ఏమిటో ఎవరూ చెప్పరు. ఈసారి షెడ్డూ లేదు, ప్రశ్నా లేదు. మొదట కనిపించినవి కొయ్య మేకులు.

సర్వే చేసేవాళ్లు నేలలో దిగ్గొట్టే మేకులు మీరు ఏ రోడ్డు పని దగ్గరైనా చూసుంటారు. జానెడు కర్ర, తలకి గులాబీ రంగో నారింజ రంగో రిబ్బను, పక్కన స్కెచ్ పెన్నుతో గీకిన అంకె. వాటి దాకా మనల్ని రానివ్వరు. అయితే కింగ్స్ ఐలండ్‌లో ఒక సదుపాయముంది. పార్కు నడిమధ్య ఈఫిల్ టవర్ నమూనా, అసలుదాంట్లో మూడో వంతు ఎత్తు. లిఫ్టులో పైకెళ్తే కట్టే జాగా అరచేతిలో పెట్టినట్టు కనిపిస్తుంది. 2019 వేసవిలో అక్కడ బైనాక్యులర్స్ పట్టుకుని నిలబడ్డ జనంలో సగంమంది చుట్టూ ఉన్న అడవినీ ఆకాశాన్నీ చూడనేలేదు, మట్టినే చూశారు. మేమూ అంతే.

అక్కడ మావాడికి నేను చెప్పింది పెద్ద శాస్త్రమేమీ కాదు. పునాదులు సమానమైన ఎడంలో తిన్నగా ఒకే వరసలో పోతున్నాయా? అది లిఫ్ట్ హిల్, గొలుసుతో ట్రెయిన్‌ని పైకి లాగే వాలు. ఆ వరస పక్కన జతలు జతలుగా, పోనుపోనూ దూరం జరుగుతూ పునాదులున్నాయా? అయితే పైన ఉన్నది బాగా ఎత్తు, కాళ్లు ఎడంగా పెడితేగానీ గాలికి నిలబడదు. ఒక దిమ్మెలో బోల్టుల వలయం ఎంత పెద్దదో చూడు, దానిమీద కూర్చునే స్తంభం లావు తెలిసిపోతుంది. ట్రాక్ నేలని రాసుకుంటూ పోయేచోట దిమ్మెలు చిన్నవి, దగ్గరదగ్గరగా ఉంటాయి. వాడు ఫోన్‌లో ఫొటో తీసి దానిమీద వేలితో గీత గీశాడు. తెరమీద ఒక ఆకారం వచ్చింది. అది ఎవరో చూపించింది కాదు, వాడు చదువుకున్నది.

దానికి తోడు మాకు ఇంకో అదృష్టముంది. బి అండ్ ఎం అని పిలిచే బొలీజర్ అండ్ మబిలార్డ్ స్విట్జర్లాండ్ కంపెనీయే అయినా, వాళ్ల ట్రాక్‌లో చాలా భాగం తయారయ్యేది ఇక్కడికి దగ్గర్లోనే, ఒహాయోలోని బటేవియాలో, క్లెర్మాంట్ స్టీల్ ఫాబ్రికేటర్స్ యార్డులో. రంగు వేసి బయట వరసగా పెడతారు. రోడ్డుమీద పోయేవాడు ఏ రంగు ట్రాక్ ఉందో చూసి, ఈ ఏడాది ఏ పార్కుకి ఏం పోతోందో లెక్కలు వేస్తాడు. మధ్యలో పలకలతో కట్టిన నలుచదరపు ఉక్కు దూలం, దానికి రెండువైపులా గుండ్రటి గొట్టపు పట్టాలు. ఒక్కసారి చూసినవాడు ఇంకే కంపెనీ ట్రాక్‌తోనూ పొరబడడు. ఆదివారం పూట కాస్ట్‌కోకి బయలుదేరి ఆ దారిన చుట్టు తిరిగొచ్చే కుటుంబాలు మాదొక్కటే కాదు.

కాగితాలు వేరే. ఈ దేశంలో 200 అడుగులు దాటే కట్టడం ఏది కట్టాలన్నా విమానాల భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్ఏఏకి ముందే తెలపాలి. ఆ వివరాలు ఎవరైనా చూడొచ్చు. పేరు ముందే ఖాయం చేసుకోవాలంటే ట్రేడ్‌మార్క్ దరఖాస్తు పెట్టాలి, అదీ బహిరంగమే. కట్టడానికి ఊరి అనుమతి కావాలి. ఎంత గుట్టుగా ఉందామనుకున్నా కంపెనీ ఎక్కడో ఒకచోట నిజం రాసి సంతకం పెట్టాల్సిందే. టీజర్‌లో ఏమైనా చెప్పొచ్చు, ఎఫ్ఏఏకి ఇచ్చే దాంట్లో కుదరదు. నాకు బాగా నచ్చేది ఇదే. పదమూడేళ్ల పిల్లాడు ఒక ప్రభుత్వ దస్తావేజు తెరిచి, ఎత్తు అనే గడి వెతికి, అది సముద్రమట్టం నుంచా నేలమట్టం నుంచా అని అడగడం నేర్చుకున్నాడు. ఏ స్కూలు ప్రాజెక్టుకి అంత శ్రద్ధ పెట్టాడు గనక!

2019 ఆగస్టు 15న పార్కు ప్రకటించింది. పేరు ఒరాయన్, బి అండ్ ఎం కోస్టర్, 300 అడుగుల దిగుడు, గంటకి 91 మైళ్లు. టవర్ మీద నిలబడ్డవాళ్లలో చాలామందికి అందులో ఆశ్చర్యమేమీ లేదు. ఆశ్చర్యం పోయిందని బాధపడ్డవాణ్ని కూడా నేను చూడలేదు. లెక్క సరిపోయిందన్న ఆనందం వేరే రుచి.

ఆ 13 అడుగులు

ఇంతవరకూ నా వాదనకి అడ్డు లేదు. ఇప్పుడు అడ్డొచ్చే సంగతి చెప్తాను.

ఒరాయన్ దిగుడు 300 అడుగులు, నిజమే. ఎత్తు మాత్రం 287. కొండెక్కిన ట్రెయిన్ బయలుదేరిన మట్టం కంటే ఇంకా కిందకి, పల్లంలోకి దిగుతుంది కాబట్టి ఆ తేడా. 300 అడుగులు దాటినవాటిని గిగా కోస్టర్ అనడం 2000లో ఇంకో పార్కు సెడార్ పాయింట్‌లో మిలీనియం ఫోర్స్ వచ్చినప్పుడు మొదలైంది, దాని ఎత్తు 310. కింగ్స్ ఐలండ్ దిగుడుని లెక్కేసి ఒరాయన్‌నీ గిగాయే అంది. అంతే, యుద్ధం. ఎత్తు లెక్కా, దిగుడు లెక్కా? 13 అడుగులు తక్కువైతే అది గిగానా కాదా?

నార్త్ కరొలైనాలో షార్లెట్‌లో ఉండే మా పెద్దమ్మ కొడుకు ఫోన్ చేసి మరీ ఏడిపించాడు. వాళ్ల ఊరి పార్కు కారోవిండ్స్‌లో 2015లో వచ్చిన ఫ్యూరీ 325 ఉంది. పేరులోనే ఎత్తు. పొడవు 6,602 అడుగులు, మాది 5,321. "మీది గిగా అనాలంటే గొయ్యి తవ్వి కొలుచుకోవాలిరా, మాకు ఆ అవసరం లేదు" అన్నాడు మావాడితో. మావాడు రెండ్రోజులు మొహం మాడ్చుకుని తిరిగాడు.

నా ఇబ్బంది ఇది. ఈసారి ఎవరూ టీజర్ వెనక పరుగెత్తలేదు. మట్టి చూశారు, కాగితాలు చూశారు, లెక్క కట్టారు. అయినా చివరికి "ఇంతేనా" అన్నవాళ్లు ఇక్కడా తేలారు. ఎలా? ఆలోచిస్తే ఒకటి తట్టింది. కింగ్స్ ఐలండ్ యజమానే 2012లో కెనడాస్ వండర్‌ల్యాండ్‌లో 306 అడుగుల లెవయథన్ కట్టాడు, మూడేళ్లకి కారోవిండ్స్‌లో 325. కాబట్టి తర్వాతిది ఇంకా పెద్దదే అయి ఉండాలని జనం తీర్మానించుకున్నారు. అలాగని ఏ మేకూ చెప్పలేదు, ఏ పునాదీ చెప్పలేదు. ఆధారం దొరికినంతవరకు ఆధారంతో నడిచి, అది ఆగినచోట కోరికని దూర్చారు. తర్వాత ఆ రెంటికీ మధ్య అతుకు కనపడకుండా పోయింది. పార్కువాడు ఇవ్వని మాటని తప్పాడని వాడిమీద కోపం.

అందుకే గీత తిన్నగా ఉండదన్నాను. మట్టి చూసేవాడికి కూడా టీజర్ చూసేవాడి జబ్బు అంటుకుంటుంది. కాకపోతే మందు మొదటివాడి దగ్గరే ఉంటుంది. వెనక్కెళ్లి ఏది చూశాను, ఏది అనుకున్నాను అని వేరుచేసుకోగలడు. షెడ్డు తలుపు చూసి కథ అల్లినవాడికి వేరుచేసుకోవడానికి ఏముంది?

2020 జులై 2న ఒరాయన్ తెరిచేనాటికి కరోనా. మాస్కులు వేసుకుని, ఆరడుగుల దూరంలో నిలబడి ఎక్కారు జనం. ఆ మొదటి దిగుడులో 287 ఎక్కడ అయిపోయి 300 ఎక్కడ మొదలైందో చెప్పగలిగినవాణ్ని నేనింతవరకు చూడలేదు.

పైకి చూసే అలవాటు

స్నేహితురాలి భర్తకి ఆరోజు నేను చెప్పి ఉండాల్సిన జవాబు షార్లెట్‌లోనే ఉంది, మా పెద్దమ్మ కొడుకు గొప్పలు పోయే ఆ ఫ్యూరీ 325 దగ్గరే.

2023 జూన్ 30న పార్కుకి వచ్చిన ఒకాయన తలెత్తి చూశాడు. ఒక స్తంభానికి అడ్డంగా పగులు. పైన ట్రెయిన్ వెళ్లినప్పుడల్లా ఆ పగులు నోరు తెరుస్తోంది, పైముక్క పక్కకి జరుగుతోంది. వీడియో తీసి పార్కువాళ్లకి చెప్పాడు. కోస్టర్ ఆపేశారు, స్తంభం మార్చారు, పరీక్షలు చేశారు, ఆగస్టు 10న మళ్లీ తెరిచారు. ఎవరికీ ఏమీ కాలేదు. ఆ తర్వాత, జూన్ 30కి కొన్ని రోజుల ముందు జనం తీసుకున్న ఫొటోలు వెతికితే వాటిలోనూ ఆ పగులు మొదలవడం కనిపించింది.

ఉక్కుని రోజూ తనిఖీ చేసే ఉద్యోగులుంటారు, ఉండాలి. ఆ బాధ్యత అభిమానులది కాదు, వాళ్లమీదకి నెట్టడం నా ఉద్దేశమూ కాదు. నేననేది అంతకంటే చిన్న సంగతి. వేలమంది ఆ స్తంభం కింద నడిచారు. అందరూ తలెత్తే ఉంటారు, ట్రెయిన్‌ని చూడ్డానికి. ట్రెయిన్‌ని మోసేదాన్ని చూసినవాడికే పగులు కనిపిస్తుంది. బోల్టుల వలయం చూసి స్తంభం లావు చెప్పడం మరిగిన పిల్లలు పెద్దయ్యాక కూడా మోసేదానివైపే చూస్తారు. మావాడు ఇప్పుడు వంతెన కింద కారు ఆగితే వంతెనని మోసే బేరింగుల వైపు చూస్తాడు. మా ఆయనకి చిరాకు, నాకు ముచ్చట.

అయినా అభ్యంతరాలు లేవా

ఉన్నాయి. మట్టి చూసేవాళ్లు కూడా కంపెనీకి ఉచిత ప్రచారం చేస్తున్నట్టే కదా అంటే, అవును, చేస్తున్నట్టే. ఈఫిల్ టవర్ నుంచి తీసిన ప్రతి ఫొటో వచ్చే ఏడాది సీజన్ పాస్ ఒకటి అమ్మిపెడుతుంది. నేను కాదనను. కానీ మొదటి రకంలో మనం చేసేదాంట్లో మనకి మిగిలేది కొంత ఉంటుంది. లేఅవుట్ చదవడం వచ్చినవాడికి రేపు ఆ పార్కు మూతపడినా ఆ విద్య పోదు.

కంచె దాటేవాళ్ల గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. కంచె దాటితే అది ఊహాగానం కాదు, కేసు. పనిచేసే క్రేను పక్కన డ్రోన్ ఎగరేసేవాడికి ట్రాక్‌మీద ప్రేమ ఉందంటే నేను నమ్మను.

నాకు నిజంగా బరువుగా తోచే అభ్యంతరం వేరే ఉంది. ఏమీ తెలియకుండా వెళ్లి ఎక్కినప్పటి దడ. మా అమ్మ 2017లో వచ్చినప్పుడు, అరవై దాటిన మనిషి, ముందు వద్దు వద్దంటూనే మిస్టిక్ టింబర్స్ ఎక్కింది. షెడ్డు గొడవేమీ ఆవిడకి తెలియదు. చీకట్లో ట్రెయిన్ ఆగగానే నా చెయ్యి పట్టుకుని, "ఆగిపోయిందే! ఎవర్నైనా పిలువు!" అంది. పాములొచ్చేసరికి పెద్దగా నవ్వింది. ఆ షెడ్డు ఎవరికోసం కట్టారో వాళ్లకి అది సరిగ్గా పనిచేసింది. ఏ ఊహాగానమూ చెవిన పడని మనిషికి దక్కినంత ఆనందం మావాడికి దక్కలేదు, నాకూ దక్కలేదు. ఈ విషయంలో నా వాదన కాస్త ఓడిపోతుందని నాకు తెలుసు.

అయినా అందరూ మా అమ్మలా ఉండలేరు. పార్కు పక్కనే ఇల్లుండి, పడగ్గది కిటికీలోంచి డైమండ్‌బ్యాక్ కోస్టర్ మీద కేకలు వినిపిస్తుంటే ఏమీ తెలియకుండా ఉండడం కుదరదు. ఎలాగూ తెలుసుకునేటప్పుడు సరిగ్గా తెలుసుకోవడం నయం.

మన దేశంలోనూ ఈ గాలి మొదలైంది. చెన్నై దగ్గర వండర్‌లా 2025 డిసెంబర్‌లో తెరిచారు, దేశంలో మొట్టమొదటి బి అండ్ ఎం కోస్టర్ అందులోదే. పట్టాల కింద వేలాడుతూ వెళ్లే రకం, మా ఊళ్లో 2014లో వచ్చిన బాన్షీ కూడా ఆ జాతే. ఓఎంఆర్‌లో పనిచేసే మా బాబాయి కొడుకు ఆ కట్టడం రోజుల్లో మావాడికి దూరంనుంచి ఫొటోలు పంపేవాడు. ఇద్దరూ స్తంభాల ఎత్తు లెక్కపెట్టుకునేవాళ్లు. వండర్‌లా షేర్ మార్కెట్లో లిస్టయిన కంపెనీ, కొత్త పార్కుకి ఎంత ఖర్చవుతోందో వాటాదారులకి చెప్పక తప్పదు. ఆ కాగితాలు చదవొచ్చని మా బాబాయి కొడుక్కి నేర్పింది మావాడే. రేపు హైదరాబాద్‌లో రావిర్యాల పార్కులో ఏదైనా పెద్దది మొదలైతే ఔటర్ రింగ్ రోడ్డు మీద కార్లు నెమ్మదించే రోజు రావచ్చు. ఆ కార్లలో ఉన్నవాళ్లు పునాదులు చూస్తే నాకు సంతోషం.

ఇక వోర్టెక్స్ జాగా. 1987లో వచ్చి 2019 అక్టోబర్‌లో వెళ్లిపోయిన కోస్టర్ అది, ఆరుసార్లు తలకిందులు చేసేది. దానికి ముందు అక్కడ 1981లో బ్యాట్ అనే కోస్టర్ కట్టారు, మూడు సీజన్లు కూడా సరిగ్గా నడవకుండానే మూతపడింది. దాని స్టేషన్నే వోర్టెక్స్ వాడుకుంది. ఒక పునాది పక్కన ఇంకో తరం పునాది. లోయలాంటి నేల, చెట్లు, నాకు చాలా ఇష్టమైన జాగా. మావాడి లెక్క ప్రకారం అక్కడ పెద్దదే రాబోతోంది.

భోజనాల నుంచి వస్తుంటే కార్లో అడిగాను, ఎఫ్ఏఏలో ఏమైనా ఉందా అని.

"లేదు."

"ట్రేడ్‌మార్క్?"

"ఇంకా లేదు."

"మేకులు?"

"కనపడలేదు."

"మరి ఏ లెక్కన వస్తుందంటున్నావురా?"

"200 అడుగుల లోపు అయితే ఎఫ్ఏఏకి చెప్పక్కర్లేదు కదమ్మా. అంటే 195 దాకా రావచ్చన్నమాట."

డ్రైవ్ చేస్తున్న మా ఆయన ఇంటికి చేరేదాకా నవ్వుతూనే ఉన్నాడు.